చెట్లు నరికినవాడికి ఆసుపత్రి దారి చూపించాలా?

తాడిపత్రి దగ్గరి ఒక పల్లె నుంచి, పేరు వేయొద్దంటూ ఒకామె రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది, కాబట్టి కుదించి చెప్తున్నాను.

ఆమెకు 48 ఏళ్ళు. పదో తరగతి వరకు చదివారు. ఊళ్ళో ఎవరికి పెద్ద జబ్బు చేసినా అనంతపురం పెద్దాసుపత్రికి తోడు వెళ్ళేది ఆమే. "ఓపీ చీటీ ఏ కిటికీలో ఇస్తారో, రక్తపరీక్షకు ఏ వరండాలో నిలబడాలో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. నేను తీసుకుపోయిన మనిషి కోలుకొని ఇంటికొచ్చిన రాత్రి నాకు మంచి నిద్ర పడుతుంది. నా సంతోషమంతా అందులోనే ఉంది" అని రాశారు.

ఇప్పుడు ఆమెను ఇరకాటంలో పెట్టింది భర్తకు చిన్నాయన కొడుకు. రెండిళ్ళ పొలాల మధ్య గట్టు తగాదా ఉంది. 2013లో ఒక రాత్రి వీళ్ళ చీనీ (బత్తాయి) తోటలో కాపుకొచ్చిన చెట్లు అరవై దాకా నరికేశారు. సాక్షులు లేరు గానీ చేయించింది ఆ దాయాదేనని ఊరందరికీ తెలుసంటారు. అడగబోతే మాటా మాటా పెరిగింది. ఆయన తలకు తానే గాయం చేసుకొని, కొట్టాడంటూ ఈమె భర్త మీద కేసు పెట్టాడు. భర్త 12 రోజులు సబ్‌జైల్లో ఉండొచ్చారు. ఆ కేసును కోర్టు ఐదేళ్ళకు కొట్టేసింది. గట్టు దావా మాత్రం ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు ఆ దాయాదికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. డయాలసిస్ తప్పదన్నారు. పోయిన నెల చీకటి పడ్డాక ఆయన భార్య వీళ్ళ పెరటి తలుపు దగ్గరికి వచ్చి, "అక్కా, మాకు ఆడ ఎవురూ తెలీదు. ఒక్కతూరి నువ్వు తోడు రా" అని ఏడ్చిందట. భర్తకు చెప్తే, "పోతే పో. ఎవరొద్దన్నారు? కానీ జైలు కాడికి నాకు క్యారియర్ మోసింది నువ్వే. అది జ్ఞాపకం పెట్టుకొని పో" అన్నారు. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు, వాళ్ళు దావా వెనక్కి తీసుకుంటేనే వెళ్ళమని ఫోన్లో చెప్పాడు.

చివర్లో ఆమె ఇలా రాశారు. "జబ్బు సంగతి విన్నప్పుడు ముందు నాకు 'అనుభవించనీ' అనిపించింది. ఆ తర్వాత, ఆయమ్మ అన్నం తినిందో లేదో అనిపించింది. మా నాయన వేమన పద్యం చెప్పేవాడు, చంపదగిన శత్రువు చేతికి చిక్కినా మేలు చేసి పొమ్మనాలని. నేను అంత గొప్పదాన్ని కాను. అందరికీ చేస్తే వచ్చే సంతోషం ఈసారి రాదని నాకు తెలుసు. సంతోషం లేకుండా చేసేది దొంగ సాయం కాదా? నేనేం చేయాలి?"

అమ్మా,

ముందు ఆ 'అనుభవించనీ' సంగతి తేల్చుకుందాం. ఆ ఒక్క మాటకు మీరు పడుతున్న సిగ్గు మిగతా సమస్యనంతా కమ్మేస్తోంది. ఆ పాపం కడుక్కోవడానికైనా తోడు వెళ్ళాలేమో అన్నట్టుంది మీ రాత. అందుకోసమైతే వెళ్ళొద్దు. కాపుకొచ్చిన చీనీ చెట్టంటే నాలుగైదేళ్ళు బిడ్డలా సాకింది. ఎండాకాలం బోరు ఎండిపోతే అప్పు చేసి ట్యాంకర్లతో నీళ్ళు తోలి బతికించుకున్నది. తెల్లారి తోటకు పోయేసరికి అవి ఆకులు కూడా వాడకుండా, కాయలతో సహా నేల మీద పడి ఉండటం చూసిన మనిషి మీరు. చేయించినవాడు మంచాన పడ్డాడని విని మీకు ఏమీ అనిపించకపోతేనే నేను ఆశ్చర్యపోయేదాన్ని. అనిపించడం మన చేతిలో లేదు. మీరు ఆ మాట పట్టుకొని ఊరంతా తిరగలేదు, ఆమెను గుమ్మంలోంచి తరిమెయ్యలేదు. దాన్ని అక్కడితో వదిలెయ్యండి.

చెట్లు నరికినప్పుడు సాక్షులు లేరని మీరే రాశారు. ఆ సందు పట్టుకొని 'ఆయన కాదేమో, మంచిగానే అనుకోండి' అని నేను చెప్పొచ్చు. అలా చెప్పను. ఆయనే చేయించాడనుకొని మాట్లాడదాం, లేకపోతే మీ ప్రశ్నకు నేను జవాబు చెప్పినట్టే కాదు.

అయితే మీరు గమనించని విషయం ఒకటుంది. మీ పెరట్లోకి వచ్చింది మీ శత్రువు కాదు, ఆయన భార్య. ఉత్తరమంతా వెతికాను, ఆమె మీకు చేసిన చెడు ఒక్కటి కూడా కనపడలేదు. కొళాయి దగ్గర ఎదురైతే తల వంచుకొని పోయేదని మాత్రం రాశారు. బయటివాళ్ళకు సీమ పగలంటే కత్తులూ బాంబులే గుర్తొస్తాయి. ఊళ్ళలో బతికేవాళ్ళకు తెలుసు, మన పగలు ఎక్కువగా గట్టు దగ్గర, బోరు దగ్గర, పైపుల దగ్గర పుడతాయని. పెంచేది మగవాళ్ళయినా, ముప్పై ఏళ్ళు పక్కింటితో మాట్లాడకుండా మోసేది ఆడవాళ్ళు. ఆమె కూడా అలా మోసినదే. శత్రువుకు సాయం చేయాలా అనే పెద్ద ప్రశ్నకు ముందు, చదువు రాని ఒక ఆడమనిషికి ఆసుపత్రి దారి చెప్పాలా అనే చిన్న ప్రశ్న మీ ముందుంది. దానికి జవాబు మీకు తెలుసు. ఆమె అన్నం తినిందా అని అనుకున్నప్పుడే మీరు ఆ జవాబు ఇచ్చేశారు.

ఇలా చెప్పి పెద్ద ప్రశ్నను తప్పించుకోవడం లేదు. దాని దగ్గరికే వస్తున్నాను.

సంతోషం రాకపోతే అది దొంగ సాయమా అని అడిగారు. మామూలుగా మీకు వచ్చే సంతోషం ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. మంచాన వెళ్ళిన మనిషి నడుచుకుంటూ రావడం ఒకటి. అంత పెద్ద ఆసుపత్రిలో దారి తెలిసినదాన్ని అనే ధీమా ఇంకొకటి. ఆ ఇంటివాళ్ళు తర్వాత మీ చేతులు పట్టుకొని 'నువ్వు లేకుంటే ఏమైపోయేవాళ్ళం' అనడం మరొకటి. ఈ మూడోది తక్కువదేమీ కాదు, మనుషులం, ఆ మాట కోసం ఎంత దూరమైనా నడుస్తాం. ఇప్పుడు ఈ దాయాది విషయం చూడండి. ఆయన మీ చేతులు పట్టుకొని ఆ మాట అనడు. ఒకవేళ అన్నా మీకు వినబుద్ధి కాదు. డయాలసిస్‌తో పూర్తిగా నయమై తిరిగి రావడం అనేదీ లేదు, అది ప్రాణాన్ని నిలబెట్టే వైద్యమే గానీ కిడ్నీలను బాగుచేసేది కాదు. మిగిలేది దారి తెలుసుననే ధీమా ఒక్కటే. దానితో మంచి నిద్ర ఎలా పడుతుంది? పడదు. మీలో మంచితనం తగ్గిపోయి సంతోషం రాకపోవడం కాదు, అది పుట్టే చోటే ఈసారి లేదు.

ఇంట్లో మంచాన పడ్డ ముసలివాళ్ళకు గుడ్డలు మార్చే కోడళ్ళను చూసే ఉంటారు. ఎవరూ ఆనందంతో మార్చరు. మూతి ముడుచుకొని, ఒక్కోసారి తిట్టుకుంటూ మారుస్తారు. ఆ ముసలావిడ ఒకప్పుడు ఈ కోడలిని ఎంత ఏడిపించిందో ఊరందరికీ తెలిసినా సరే, మారుస్తారు. దాన్ని ఎవరైనా దొంగ సేవ అంటారా? పరులకు చేయడంలో సంతోషముందని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పుతారు. నిజమే. కానీ సంతోషం వస్తేనే చేయాలని దానికి అర్థం తీస్తే, నచ్చినవాళ్ళకు మాత్రమే చేసుకుంటూ పోతాం.

నేను భయపడేది సంతోషం రాదని కాదు, వేరే రకం సంతోషం వస్తుందేమోనని. వరండాలో బెంచీ మీద ఆయన కూలబడి ఉంటాడు. చీటీలు పట్టుకొని మీరు ముందు నడుస్తుంటారు. నర్సమ్మ 'ఈయన మీకేమవుతాడు?' అని అడుగుతుంది. ఆ క్షణంలో 'చూశావా, చివరికి ఎవరి వెనక నడవాల్సి వచ్చిందో' అనే తీపి మెదలొచ్చు. మెదిలితే మెదలనివ్వండి, పైన చెప్పినట్టు అది చేతిలో లేనిది. కానీ దానికోసమే వెళ్తున్నట్టు మీకే అనిపిస్తే మాత్రం వెళ్ళొద్దు. అలాంటి సాయం అవతలివాడికి చెంపదెబ్బలాగే తగులుతుంది, పగ ఇంకో పదేళ్ళు నడుస్తుంది.

భారతంలో ఘోషయాత్ర కథ వినే ఉంటారు. అడవిలో కష్టపడుతున్న పాండవుల ముందు తన వైభవం చూపించుకుందామని, పశువుల లెక్క చూసే నెపంతో దుర్యోధనుడు ద్వైతవనానికి వెళ్ళాడు. అక్కడ గంధర్వులతో తగవు పెట్టుకొని వాళ్ళకు బందీగా చిక్కాడు. అతని మనుషులు పరిగెత్తుకొచ్చి పడింది ధర్మరాజు కాళ్ళ దగ్గరే. భీముడు, మనం చేయాల్సిన పని గంధర్వులు చేసిపెట్టారు, మంచిదే కదా అన్నాడు. మీకు ముందు అనిపించిన మాటే ఇది. ధర్మరాజు ఒప్పుకోలేదు. మనలో మనకు తగాదా ఉంటే వాళ్ళు నూరుగురు, మనం ఐదుగురం, బయటివాడు మీదికొస్తే అందరం కలిసి నూట ఐదుగురం అన్నాడు. తాను యజ్ఞంలో ఉన్నాడు కాబట్టి తమ్ముళ్ళను పంపి విడిపించాడు.

ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఇక్కడ ఆపేస్తారు. తర్వాత జరిగింది వినండి. దుర్యోధనుడికి కృతజ్ఞత కలగలేదు. శత్రువు చేతుల మీదుగా బతికానన్న అవమానంతో అన్నం నీళ్ళు మానేసి చచ్చిపోతానని కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నచ్చచెప్పి లేపితే మళ్ళీ పాత దుర్యోధనుడే లేచాడు. రాజ్యం ఇవ్వలేదు, యుద్ధం ఆగలేదు. అయినా ధర్మరాజు చేసింది తప్పని మన పెద్దలెవరూ అనలేదు. పగ తీరుతుందన్న ఆశతో ఆయన ఆ పని చేయలేదు కాబట్టి, తీరకపోయినా ఆయనకు పోయిందేమీ లేదు. మీరు కూడా ఈ సాయంతో ఆయన మారతాడని, గట్టు తగాదా తీరుతుందని, రెండిళ్ళూ కలుస్తాయని ఏ మూలనైనా అనుకుంటుంటే ముందే తీసెయ్యండి. మీ నాయన చెప్పిన పద్యంలో కూడా మేలు చేసి పొమ్మనే ఉంది, ఇంటికి పిలిచి పీట వేయమని లేదు. మీరు అనుకున్నంత గొప్పతనాన్ని అది అడగడం లేదు.

ఇక మీ ఆయన విషయం. నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

జైలుకు పోయింది ఆయన. కేసు కొట్టేసినా ఆ 12 రోజులు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. క్షమించాలా వద్దా అనేది ముందు ఆయన తేల్చుకోవాల్సిన విషయం, ఆయన తరఫున మీరు క్షమించడం కుదరదు. అదృష్టం కొద్దీ సాయం చేయడానికి క్షమించడం అవసరం లేదు. మీ ఆయన ఆ మనిషితో జన్మలో మాట్లాడకపోవచ్చు, దావాలో ఒక్క అడుగు కూడా వెనక్కి వేయకపోవచ్చు, అయినా మీరు వెళ్ళి చీటీ రాయించి రావచ్చు. ఈ రెండూ ముడిపడి లేవని ఆయనకు చెప్పారా? ఆయన వద్దనలేదు చూడండి, క్యారియర్ గుర్తుపెట్టుకోమన్నారు. అందులో నాకు కోపం కంటే భయం ఎక్కువ వినపడింది, నువ్వు కూడా అటువైపు వెళ్ళిపోతావా అనే భయం. కాబట్టి ఏం చేసినా ఆయనకు తెలియకుండా చేయొద్దు. మీరు అనంతపురంలో బస్సు దిగేలోపు ఊళ్ళో కబురు తిరిగిపోతుంది. ఆయన దాన్ని టీకొట్టు దగ్గర వేరేవాళ్ళ నోట విన్నారంటే, మీరు చేసిన మంచి పని ఆ ఇంటికేమో గానీ మీ ఇంటికి మంట పెడుతుంది.

మీ ముందు దారులు మూడున్నాయి. వాటి మంచిచెడ్డలు మీరు తూచుకోవాలి.

వెళ్ళను అని చెప్పొచ్చు. అది మీ హక్కు. ఊళ్ళో అందరికీ చేశారు కాబట్టి ఈయనకూ చేసి తీరాలన్న బాకీ ఏమీ లేదు. కానీ తోడు వెళ్ళకపోవడం వేరు, తెలిసిన విషయం దాచడం వేరు. మొదటిది చేస్తే మీకు కొన్నాళ్ళు మనసు బరువుగా ఉండొచ్చు, తర్వాత సర్దుకుంటుంది. రెండోది చేస్తే, సమయానికి వైద్యం అందక ఆయనకు ఏదైనా జరిగిందంటే, మిమ్మల్ని నేను ఈ ఉత్తరంలో చూసినంతలో, మీరు తట్టుకోలేరు.

రెండోది, తోడు వెళ్ళకుండా దారి చూపించడం. ఆమెనూ, వాళ్ళ ఇంట్లో కాస్త చదువుకున్న పిల్లవాడినీ కూర్చోబెట్టి ఒక గంటసేపు అన్నీ చెప్పి, కాగితం మీద రాసివ్వండి. ధర్మరాజు కూడా తాను వెళ్ళకుండా పంపించాడు కదా. మీ ఆయన ఒప్పుకోవడానికి ఎక్కువ వీలున్నది దీనికే. కొరత ఏమిటంటే, మొదటిరోజు ఆ జనంలో వాళ్ళు తికమకపడి ఖాళీ చేతులతో తిరిగి రావచ్చు. అది మీకూ తెలుసు.

మూడోది, తోడు వెళ్ళడం. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా ఆలోచించండి. 'ఒక్కతూరి' అని ఆమె అన్నది గానీ డయాలసిస్ ఒక్కసారితో పోయేది కాదు. సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు, ఒక్కో విడత నాలుగు గంటలు. మొదట్లో మెడ దగ్గర గొట్టం పెట్టి మొదలుపెడతారు. తర్వాత చేతికి, రక్తనాళాలు కలిపే ఫిస్టులా ఆపరేషన్ చేస్తారు, అది పనికొచ్చేసరికి కొన్ని వారాలు పడుతుంది. కిడ్నీ మార్పిడి జరిగితే తప్ప ఇది బతికున్నన్నాళ్ళూ ఉంటుంది. అందరితో ఉన్నట్టే మొహమాటపడి వాళ్ళతోనూ ఉంటే, ఏడాది తిరిగేసరికి మీ వారంలో సగం ఆయన బెడ్డు పక్కనే గడుస్తుంది, మీ ఆయన ఇంట్లో ఒంటరిగా అన్నం తింటుంటారు. కాబట్టి వెళ్ళేటట్టయితే ముందే చెప్పండి. మొదటిరోజు వస్తాను, వార్డు, మనుషులు పరిచయం చేస్తాను, అక్కడి నుంచి మీ పిల్లవాడు చూసుకోవాలి అని. నన్నడిగితే రెండో దారికి మొదటిరోజు తోడు కలిపి చేయడం మీ స్వభావానికి సరిపోతుందంటాను. మీ ఆయన ససేమిరా అంటే రెండో దారితో ఆగడంలో చిన్నతనం ఏమీ లేదు.

మీ అబ్బాయి చెప్పిన షరతు మాత్రం నాకు నచ్చలేదు. కుర్రవాడు, నాన్న జైలుకు పోయినప్పుడు చిన్నపిల్లవాడై ఉంటాడు, కోపం అర్థమవుతుంది. కానీ ప్రాణభయంలో ఉన్నవాడి చేత దావా వెనక్కి తీయిస్తే అది రాజీ అనిపించుకోదు. కాస్త తేరుకోగానే బలవంతంగా సంతకం పెట్టించుకున్నారని మళ్ళీ కోర్టుకెక్కుతారు. గట్టు విషయం కోర్టులోనే ఉండనివ్వండి, వాయిదాలకు మామూలుగానే వెళ్ళండి. ఆయన ఆరోగ్యం ఒక దారిన పడ్డాక రెండువైపులా మనసుంటే లోక్ అదాలత్ ఉంది. అక్కడ ఫీజు ఉండదు, ఒప్పందం కుదిరితే మళ్ళీ అప్పీలు ఉండదు. ఆ మాట ఎత్తాల్సింది కూడా ఆసుపత్రిలో కాదు, మీరూ కాదు. వకీళ్ళు మాట్లాడుకోవాలి.

శత్రువుకు చేసే సాయానికి హద్దు ఎక్కడ అంటే, నాకు తెలిసిన కొలత ఇదీ. ప్రాణం నిలబడటానికి అవసరమైనది ఇవ్వొచ్చు. మీ మీదికి మళ్ళీ రావడానికి బలమిచ్చేది ఇవ్వక్కర్లేదు. కాబట్టి ఆసుపత్రి ఖర్చులకంటూ అప్పుకు జామీను ఉండమంటే వద్దు. మీ చేతి డబ్బు కూడా వద్దు. వాళ్ళిచ్చే ఏ కాగితం మీదా సంతకం వద్దు. జబ్బు మనిషి కూడా కక్ష పెట్టుకోగలడు.

ఊరి మాటలకు ఎక్కువ చోటు ఇవ్వను. వెళ్తే భయపడి కాళ్ళబేరానికి వచ్చారంటారు, వెళ్ళకపోతే చచ్చేవాడి మీద కక్షా అంటారు. రెండూ అనేది ఒకే అరుగు మీద కూర్చున్న ఒకే మనుషులు.

మీరు ఏ దారి ఎంచుకున్నా, ఎంచుకోవడానికి ఇంకో పది రోజులు తీసుకున్నా, ఈ నాలుగు సంగతులు మాత్రం ఆమెకు ఈ వారంలోనే చేరవెయ్యండి, కావాలంటే ఇంకొకరి చేత. డయాలసిస్ రాష్ట్ర ప్రభుత్వ పథకం ఎన్‌టీఆర్ వైద్యసేవ కింద ఉచితం. ఆధార్, రేషన్ కార్డు వెంట తీసుకెళ్ళి ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే వైద్యమిత్రను కలిస్తే ఆ కాగితాలు వాళ్ళే చూస్తారు, ఏదైనా తెలియకపోతే 104కు ఫోన్ చేయొచ్చు. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు పింఛను ఉంది, దానికి ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రంతో గ్రామ సచివాలయంలో అడగాలి. ఇంకొకటి, చూడటానికి వచ్చిన చుట్టాలు బలమని తెచ్చే కొబ్బరినీళ్ళు, చీనీ రసం డాక్టరును అడక్కుండా ఆయనకు పట్టొద్దని చెప్పండి. కిడ్నీలు పనిచేయని మనిషికి వాటిలోని పొటాషియం గుండె మీదికి తెస్తుంది. ఆయాసం ఎక్కువైనా, మూత్రం ఆగిపోయినా ఆసుపత్రి వాళ్ళు చెప్పిన తేదీ కోసం చూడకుండా అదే రాత్రి 108 పిలిపించుకోమనండి.